నిందితుడు – దోషి: ఈ రెండు మాటల నడుమ దూరము



ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొనువారము మనము. ఒక భాషలోని మాట రెండవ భాషలోనికి వచ్చి అర్థము మార్చుకొనుట మనకు నిత్యము కనబడు వింతయే. అట్టి మాటలలో 'ముద్దాయి' ఒకటి. ఉర్దూలో 'ముద్దయీ' అనగా న్యాయస్థానమునకు వెళ్ళి తన హక్కును కోరుకొను వాది. అతని ఎదుటి పక్షమువాడు 'ముద్దఆ అలైహ్'. ఆ మాట తెలుగునకు వచ్చునప్పటికి తలక్రిందులైనది. ఎవరి మీద ఫిర్యాదు దాఖలైనదో అతడే మనకు ముద్దాయి. ఫిర్యాదు, దాఖలు, వకీలు, వకాల్తా, జామీను, పంచనామా, హాజరు, వాయిదా, ఖైదు – ఈ మాటలన్నియు ఆ త్రోవనే వచ్చినవి. ఉర్దూ అక్షరమొక్కటి నేర్వని పల్నాటి రైతు కూడ వీనిని తన మాటలుగనే పలుకును.

అయితే ఉర్దూ నుండి మనము తెచ్చుకొనక విడిచిన భేదమొకటి కలదు. నేరము మోపబడినవాడు 'ముల్జిమ్'. నేరము రుజువైనవాడు 'ముజ్రిమ్'. తెలుగులోను నిందితుడు, దోషి అను రెండు మాటలు లేకపోలేదు. కాని వాడుకలో ఆ రెండింటిని మనము ఒకటిగ కలిపివేసితిమి. మాచవరములో ఉదయము ఒకనిని ఠాణాకు తీసికొనిపోయిరన్న వార్త వచ్చిన, సాయంకాలమునకు టీకొట్టు వద్ద తీర్పు కూడ అయిపోవును. "నిప్పు లేనిదే పొగ రాదు" అను సామెతయే అక్కడ సాక్ష్యము. న్యాయస్థానము తరువాత విడిచిపెట్టినను ఊరు విడిచిపెట్టదు.

నిందితుడు దోషియగుటకు నడువవలసిన దూరమునే చట్టము 'విచారణ' అని పిలుచుచున్నది. ఆ దారిలో మైలురాళ్ళెవ్వి, ప్రతి రాయి వద్ద నిందితునికి గల హక్కులెవ్వి అను విషయమును మేము తెలిసికొన్నంత మేరకు ఈ వ్యాసములో వివరింప బూనితిమి. ముందుగా ఒక్క మాట. 2024 జూలై 1 నుండి మన దేశమున పాత నేరచట్టముల స్థానమున మూడు క్రొత్త చట్టములు అమలులోనికి వచ్చినవి. భారతీయ న్యాయ సంహిత నేరములను, శిక్షలను నిర్వచించును. భారతీయ నాగరిక సురక్షా సంహిత విచారణ క్రమమును తెలుపును. భారతీయ సాక్ష్య అధినియమము ఏది సాక్ష్యమో, ఏది కాదో చెప్పును. సెక్షన్ల సంఖ్యలు మారినవి గాని, మేము చెప్పబోవు మూలసూత్రములు మారలేదు.

ఠాణా గడపలో

కథ ఫిర్యాదుతో మొదలగును. ఠాణా అధికారి దానిని వ్రాసికొని నమోదు చేసినచో అది ప్రథమ సమాచార నివేదిక. దీనినే వాడుకలో ఎఫ్.ఐ.ఆర్. అందురు. ఇది దర్యాప్తునకు ఆరంభము మాత్రమే. అందులో పేరున్నంత మాత్రమున నేరము రుజువైనట్లు కాదు. ఊరిలో రెండు పక్షములున్నచోట తగాదా జరిగినప్పుడు, అక్కడ లేనివారి పేర్లు కూడ ఫిర్యాదులో చేర్చుట అరుదైన సంగతి కాదని పెద్దలెరుగుదురు. కావుననే చట్టము ఆ కాగితమును తుది సాక్ష్యముగ గైకొనదు.

ఏడేండ్లలోపు శిక్షపడు నేరములలో అరెస్టు తప్పనిసరి కాదు. అవసరము లేనప్పుడు పోలీసువారు నోటీసు ఇచ్చి పిలిపించవలెను. 2014లో సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ కేసులో ఈ విషయమును గట్టిగ చెప్పినది. అరెస్టు చేసినచో అందుకు గల కారణము ఆ వ్యక్తికి వెంటనే తెలుపవలెను. అతడు కోరిన బంధువునకో, మిత్రునకో కబురు చేయవలెను. ప్రశ్నించు సమయమున, ఆసాంతము కాకున్నను, వకీలును కలిసికొనుటకు అతనికి హక్కు గలదు. ప్రయాణకాలము పోను ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టవలెను. ఇది రాజ్యాంగము 22వ అధికరణమున పలికిన మాట. అసాధారణ సందర్భములలో తప్ప, సూర్యాస్తమయము తరువాత స్త్రీలను అరెస్టు చేయరాదు.

మేజిస్ట్రేటు ఎదుట నిలబడు ఆ కొద్ది నిమిషములు మిక్కిలి విలువైనవి. "నిన్ను కొట్టిరా?" అని అడిగినప్పుడు నిజము చెప్పుటకు నిందితుడు భయపడరాదు. ఆ తరువాత రిమాండు గాని జామీను గాని నిర్ణయమగును. మరణదండన, యావజ్జీవము, లేక పదేండ్లు గాని అంతకు మించి గాని శిక్షపడు నేరములలో తొంబది దినములలోను, మిగిలినవానిలో అరువది దినములలోను దర్యాప్తు ముగించి అభియోగపత్రము దాఖలు చేయనిచో, జామీను ఇచ్చుటకు సిద్ధపడిన నిందితుని విడుదల చేయవలెను. ఇది దయాభిక్ష కాదు, హక్కు.

గుంటూరు నుండి లండనుకు పోయిన కేసు

నిందితుని హక్కులన్నింటిలో సామాన్యునికి మిక్కిలి వింతగ తోచునది ఒకటి కలదు. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరపు ఒప్పుకోలు సాక్ష్యముగ చెల్లదు. "తానే ఒప్పుకొన్నాడు గదా, ఇంకేమి విచారణ?" అని చాలమంది అడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిన కేసు మన ప్రాంతపు సెషన్సు న్యాయస్థానమునుండియే బయలుదేరినది. దాని పేరు పులుకూరి కోటయ్య కేసు. పల్నాడు అప్పటికి గుంటూరు జిల్లాలో భాగము. 2022లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు.

రెండవ ప్రపంచ యుద్ధపు చివరి దినములవి. కక్షలున్న రెండు పక్షముల నడుమ దొమ్మీ జరిగి ప్రాణములు పోయినవి. 1945లో గుంటూరు సెషన్సు న్యాయస్థానము దొమ్మీ, హత్యానేరముల క్రింద కొందరికి మరణశిక్షను, కొందరికి యావజ్జీవ ద్వీపాంతరవాసమును విధించెను. మదరాసు హైకోర్టు ఆ తీర్పును నిలిపెను. నిందితులు నాటి అత్యున్నత న్యాయపీఠమైన లండనులోని ప్రీవీ కౌన్సిలునకు అప్పీలు చేసికొనిరి. గుంటూరు జిల్లా పల్లెలలోని మనుష్యుల ప్రాణము ఏడు సముద్రముల ఆవల ఒక చట్టపు వాక్యము యొక్క అర్థము మీద ఆధారపడెను.

ఆ వాక్యము సాక్ష్యచట్టము 27వ సెక్షనులోనిది. 25, 26 సెక్షన్లు పోలీసువారికి చెప్పిన ఒప్పుకోలును, వారి నిర్బంధములోనుండి చెప్పినదానిని త్రోసివేయుచున్నవి. 27వ సెక్షను ఒక చిన్న కిటికీ తెరచినది. నిందితుడు చెప్పిన మాట వలన ఏదేని విషయము బయల్పడినచో, ఆ విషయమునకు స్పష్టముగ సంబంధించినంత మేర ఆ మాటను రుజువు చేయవచ్చును. ఈ కేసులో నిందితుడొకడు తాము పొంచియుండి కొట్టి చంపితిమని చెప్పి, ఈటెను, కర్రను ఒక గడ్డివామిలో దాచితినని, వచ్చినచో చూపుదునని పలికెను. అవి దొరికెను. కనుక ఆ మాటలన్నియు సాక్ష్యమేయని ప్రభుత్వపక్షము వాదించినది. అంతకు పూర్వము మదరాసు హైకోర్టు తీర్పొకటి ఆ వాదమునకు అనుకూలముగ ఉండెను కూడ.

1946 సంవత్సరాంతమున సర్ జాన్ బోమంట్ వెలువరించిన తీర్పు ఆ వాదమును త్రోసిపుచ్చినది. దాని సారమును మన ఊరి ఉదాహరణముతో చెప్పుదము. ఒకడు పోలీసువారితో, "నేను ఫలానావానిని పొడిచిన కత్తిని మా చూరులో దాచితిని, చూపెదను" అనెననుకొందము. కత్తి దొరికినది. ఇక్కడ బయల్పడినదేమి? ఆ చూరులో కత్తియున్నదనియు, అది అక్కడ ఉన్నట్లు ఇతడెరుగుననియు మాత్రమే. పొడిచినది ఇతడేయన్న సంగతి కత్తి దొరికినంతనే బయల్పడలేదు. కావున "చూరులో దాచితిని, చూపెదను" అన్న భాగము సాక్ష్యమునకు వచ్చును. "పొడిచిన" అన్న మాట రాదు. ఆ కత్తితోనే ఆ హత్య జరిగినదని ప్రభుత్వపక్షము వేరు సాక్ష్యముతో రుజువు చేసికొనవలెను.

ఈ గీత ఇంత సన్నగ గీయుట ఎందులకు? ఏదో ఒక వస్తువు దొరికినంత మాత్రమున ఒప్పుకోలంతయు సాక్ష్యమైపోవునేని, 25, 26 సెక్షన్ల నిషేధము పేరునకే మిగులును. దెబ్బకు వెరచిన మనుష్యుని నోట ఏ మాటనైనను పలికింపవచ్చును. అట్టి వాక్యమునకు ఒక కర్రను జతచేయుట పెద్ద పని కాదు. చట్టము పోలీసువారినందరిని అనుమానించుచున్నదని కాదు. నాలుగు గోడల మధ్య ఒంటరిగనున్నవాని మాట ఎంతవరకు అతని స్వంత మాటయో ఇతరులు నిర్ణయింపలేరన్న వివేకమే ఇందు గలది. ప్రీవీ కౌన్సిలు ఆ ఒప్పుకోలులోని చెల్లని భాగమును విడదీసి, మిగిలిన సాక్ష్యము శిక్షకు చాలునో లేదో మరల చూడుమని కేసును మదరాసు హైకోర్టునకు తిప్పి పంపినది.

అదే కేసులో మరియొక వాదమును వచ్చెను. సాక్షులు దర్యాప్తులో పోలీసువారికి మొదట చెప్పిన మాటల నకళ్ళు నిందితుల వకీలునకు సకాలమున అందలేదు. సాక్షి నాడు ఒకటి చెప్పి నేడు మరియొకటి చెప్పినచో పట్టుకొనుటకు ఆ నకలే సాధనము. ఆ హక్కు మిక్కిలి విలువైనదని ప్రీవీ కౌన్సిలు అంగీకరించినది. అయితే ఆలస్యముగనైనను నకళ్ళు అందినందున, ఆ లోపము వలన విచారణ అంతయు చెడలేదని నిర్ణయించినది. నిందితుడు ఎత్తిచూపిన ప్రతి లోపమును అతనిని విడిపింపదు. అన్యాయము జరిగినదా అన్నదే ప్రశ్న.

అంతకు ఏడెనిమిదేండ్ల ముందు మరియొక తెలుగువాని కేసు ఇట్లే లండను చేరినది. 1937లో పూరీ రైలు స్టేషనులో ఒక పెట్టెలో శవము కనబడెను. చనిపోయినవాడు పిఠాపురము దివాణపు కొలువులోని బంట్రోతు. అదియే పాకాల నారాయణస్వామి కేసు. పోలీసు దర్యాప్తులో ఒకడు చెప్పిన మాటను, తరువాత అతడే ముద్దాయి అయినచో, అతని మీద ప్రయోగింపరాదని 1939లో లార్డ్ అట్కిన్ తీర్పు చెప్పెను. అయినను మిగిలిన సాక్ష్యము చాలునన్న కారణమున ముద్దాయి అప్పీలు కొట్టివేయబడినది. ఈ రెండు కేసులను కలిపి చదివిన విద్యార్థికి ఒక సంగతి తేటపడును. హక్కును గౌరవించుట దోషిని విడిచిపెట్టుట కాదు. హక్కును గౌరవించిన పిదప కూడ నిలువగల సాక్ష్యముతో శిక్షించుటయే న్యాయము.

నేడు ఆ మూడు సెక్షన్లు భారతీయ సాక్ష్య అధినియమము 23వ సెక్షనులో ఒక్కచోట చేరినవి. వస్తువులు దొరికిన కేసు ఏది వచ్చినను మన న్యాయమూర్తులు నేటికిని పులుకూరి కోటయ్య కేసును తలచుకొనుచునే ఉన్నారు.

న్యాయస్థానములో

మేము కొందరము ఒకనాడు మేజిస్ట్రేటు న్యాయస్థానములో వెనుక బల్లపై కూర్చుండి విచారణ చూచితిమి. ఎవరును వారింపలేదు. విచారణ బహిరంగముగ జరుగవలెనన్నది నియమము గనుక, స్థలమున్నంతవరకు పౌరుడెవడైనను పోయి చూడవచ్చును. బంట్రోతు వాకిట నిలిచి ముమ్మారు పేరు పిలిచెను. చేతిలో తువాలు నలుపుకొనుచు ఒక పెద్దమనిషి వచ్చి నిలిచెను. సాక్షి రానందున వాయిదా పడెను. ఆయన దండము పెట్టి వెళ్ళిపోయెను. తనకేమి జరిగినదో ఆయనకు అర్థమైనట్లు మాకు తోచలేదు. ఈ వ్యాసమునకు మూలము ఆ ముఖమే.

సెషన్సు విచారణ క్రమము స్థూలముగ ఇట్లుండును. ముందు అభియోగపత్రము, సాక్షుల వాంగ్మూలములు మొదలగువాని నకళ్ళు నిందితునికి ఉచితముగ ఇయ్యవలెను. క్రొత్త సంహిత ఇందుకు అతడు హాజరైన దినము నుండి పదునాలుగు దినముల గడువు పెట్టినది. ఆ కాగితములు చూచిన తరువాత కేసు నడుపుటకు తగిన ఆధారమే లేదని తోచినచో, న్యాయమూర్తి అక్కడనే విడిచిపెట్టవచ్చును. ఆధారమున్నచో అభియోగమును వ్రాసి, చదివి వినిపించి, "నేరము అంగీకరింతువా, విచారణ కోరుదువా?" అని అడుగును. ఆ ప్రశ్న అర్థము కానివాడు అర్థము కాలేదని చెప్పవలెను. అర్థమగునట్లు వివరించుట న్యాయస్థానపు విధి.

పిమ్మట ప్రభుత్వపక్షపు సాక్షులు వత్తురు. వారిని పిలిపించిన పక్షము ముందుగా ప్రశ్నించును. తరువాత నిందితుని వకీలు అడ్డుప్రశ్నలు వేయును. సాక్షి ఎంత దూరమునుండి చూచెను, వెలుతురెంత, ముద్దాయితో అతనికి పూర్వవైరమున్నదా – ఇట్టివి అడుగుట సాక్షిని అవమానించుట కాదు, సత్యమును వడకట్టుట. సాక్ష్యము ముగిసిన తరువాత న్యాయమూర్తి స్వయముగ నిందితుని అడిగి, అతనికి వ్యతిరేకముగ వచ్చిన ప్రతి అంశమునకు వివరణ కోరును. అప్పుడు ప్రమాణము చేయింపరు. జవాబు చెప్పకున్నను, తప్పు చెప్పినను అందులకు శిక్ష లేదు. తనకు వ్యతిరేకముగ సాక్ష్యమిమ్మని ఎవరిని బలవంతపెట్టరాదని రాజ్యాంగము 20వ అధికరణము చెప్పుచున్నది. మత్తు మందులిచ్చి నిజము రాబట్టు పరీక్షలను సమ్మతి లేక చేయరాదని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినదియు ఈ సూత్రము వలననే.

నిందితుడు తన సాక్షులను తెచ్చుకొనవచ్చును, తేక ఊరకుండవచ్చును. తాను నిర్దోషినని రుజువు చేసికొను బాధ్యత సాధారణముగ అతనిది కాదు. నేరమును సహేతుకమైన సందేహమునకు తావు లేకుండ రుజువు చేయుట ప్రభుత్వపక్షపు భారము. వరకట్న మరణము వంటి కొన్ని నేరములలో మాత్రము, ప్రాథమిక విషయములు రుజువైన పిమ్మట చట్టమే ఒక ఊహ చేసి నిందితుని సమాధానము చెప్పుకొమ్మనును. నేరము రుజువైనచో శిక్ష విషయమై వేరుగ అతని మాట వినవలెను. ఆపై అప్పీలు గలదు. మరణశిక్షను హైకోర్టు ధ్రువపరచనిదే అమలు చేయరాదు.

వకీలును పెట్టుకొనలేనివాడు

ఇన్ని హక్కులున్నను, వానిని అడుగగల నోరు లేనిచో అవి కాగితములే. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టు ముందునకు వచ్చినప్పుడు, బీహారు చెరలలో పేదలు విచారణయే లేక ఏండ్ల తరబడి మ్రగ్గుచున్నారని దేశమునకు తెలిసినది. తమ నేరమునకు పడదగిన శిక్షకంటె ఎక్కువ కాలము చెరలో గడిపినవారును అందులో నుండిరి. సత్వర విచారణ, పేదలకు ఉచిత న్యాయసహాయము – రెండును జీవనహక్కులో భాగములేయని న్యాయస్థానము పలికినది. 1987 నాటి చట్టము క్రింద ఏర్పడిన న్యాయసేవాసంస్థలు నేడు జిల్లాలందును, క్రింది న్యాయస్థానములందును ఉన్నవి. స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వికలాంగులకు, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ అవి ఉచితముగ వకీలును ఇచ్చును. 15100 అను సంఖ్యకు ఫోను చేసిన దారి చెప్పుదురు. ఈ ఒక్క సంఖ్యను మన విద్యార్థులు తమ ఇంట గోడమీద వ్రాసియుంచినను ఈ వ్యాసము సార్థకమగును.

హక్కులు దోషులకు రక్షణయా?

"ముద్దాయి హక్కులని ఇంత చెప్పుచున్నారు, మరి చచ్చినవాని హక్కుమాట ఏమి?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 2007 డిసెంబరులో విజయవాడ చేరువ ఇబ్రహీంపట్నములో ఒక విద్యార్థిని వసతిగృహములో దారుణముగ హత్యకు గురియైనది. 2008లో ఒక పేద యువకుని అరెస్టు చేసిరి. 2010లో అతనికి శిక్ష పడెను. 2017 మార్చి 31న హైకోర్టు అతనిని నిర్దోషిగ విడుదల చేసి, లక్ష రూపాయలు చెల్లింపుమని ఆదేశించెను. ఎనిమిదిన్నర యేండ్లు చెరలో గడచినవి. మరుసటి యేడు హైకోర్టు ఆదేశముపై దర్యాప్తు సి.బి.ఐ.కి పోయెను.

ఈ కేసులో నష్టపోయినది యువకుడొక్కడేనా? కుమార్తెను పోగొట్టుకొన్న తలిదండ్రులకు పదేండ్ల తరువాత కూడ న్యాయము తిరిగి మొదటి మెట్టు వద్దనే నిలిచినది. కాని వానిని దోషి యనినచో అసలు దోషి మీది వెతుకులాట ఆగిపోవును. కావున నిందితుని హక్కును కాపాడుట బాధితునికి వ్యతిరేకము కాదు. అది బాధితునికి సరియైన న్యాయము దక్కుటకు తొలి షరతు.

మనవి

మిత్రులారా! మనలో అందరము వకీళ్ళము, న్యాయమూర్తులము కాకపోవచ్చును. కాని మన ఇంటనో, మన వీధిలోనో ఏనాడో ఒకనాడు ఠాణా నుండి పిలుపు వచ్చిన పెద్దమనిషి, చదువుకొన్నవారని మనవైపు చూచును. ఆనాడు "అరెస్టుకు కారణమేమి? ఇంటివారికి కబురు చేసిరా? వకీలు వచ్చెనా? రేపటిలోగ మేజిస్ట్రేటు వద్దకు తీసికొనిపోవుదురా?" అను నాలుగు ప్రశ్నలు మర్యాదగ, భయము లేక అడుగగలిగినచో మన చదువు ఊరికి పనికివచ్చినట్లే. కళాశాల కార్యవర్గము వారు యేడాదికొకసారి న్యాయసేవాసంస్థ వారిని పిలిపించి, రెండు భాషలలోను ఈ విషయములు విద్యార్థులకు చెప్పించినచో మిక్కిలి మేలు చేసినవారగుదురని మా విన్నపము.

టీకొట్టు వద్ద ఎవరినేని గూర్చి "వాడు హంతకుడట" అన్న మాట వచ్చినప్పుడు, "రుజువైనదా?" అని ఒక్క మాట అడుగుదము. ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు. ఆ భేదమును ఊరు మరువకుండ చూచుటకు వకీలు పట్టా అక్కరలేదు.